సాంకేతికత సాయంతో భాషా బోధన: తరగతి గదిలోని ప్రయోగాన్ని మంచి జర్నల్‌లో ప్రచురించడం ఎలా

ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇంగ్లిష్ ల్యాబ్ పాఠ్యప్రణాళికలో భాగమైనప్పటి నుంచి తెలుగు రాష్ట్రాల ఇంగ్లిష్ అధ్యాపకుల్లో చాలామందికి కంప్యూటర్‌తోనూ, ఇప్పుడు ఫోన్‌తోనూ భాష నేర్పడం రోజువారీ పని అయింది. ఆ పనిలోంచి పుట్టే పరిశోధనా వ్యాసాలూ తక్కువేమీ కాదు. అయితే వాటిలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో సాగుతాయి: ఒక సెక్షన్‌లో ఫలానా యాప్ వాడారు, ఇంకో సెక్షన్‌లో వాడలేదు, నెల తర్వాత పరీక్ష పెట్టారు, యాప్ వాడిన వారికి ఎక్కువ మార్కులు వచ్చాయి, కాబట్టి యాప్ ఉపయోగకరం. ఈ రంగంలోని మంచి జర్నళ్ల ఎడిటర్లు ఇలాంటి వ్యాసాన్ని సమీక్షకులకు (వ్యాసాన్ని చదివి తీర్పు చెప్పే అదే రంగపు నిపుణులకు) పంపకుండానే తిప్పి పంపుతారు. అలా ఎందుకు జరుగుతుందో, జరగకుండా ఉండాలంటే పని మొదలుపెట్టక ముందే ఏం ఆలోచించుకోవాలో, పూర్తయిన వ్యాసాన్ని ఎక్కడికి, ఎలా పంపాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలు ఇంగ్లిష్ బోధన నుంచి తీసుకున్నాను గానీ, విదేశాల్లో పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పుతూ ఆ అనుభవాన్ని పరిశోధనగా మలచాలనుకునే వారికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

పరిశోధన ప్రశ్న దేని గురించి ఉండాలి

అమెరికాలోని హవాయి విశ్వవిద్యాలయం నుంచి 1997లో మొదలైన ‘లాంగ్వేజ్ లెర్నింగ్ అండ్ టెక్నాలజీ’ జర్నల్ తన లక్ష్య ప్రకటనలోనే ఒక మాట స్పష్టంగా చెబుతుంది: తమ దృష్టి సాంకేతికత మీద కాదు, భాష నేర్చుకోవడం, నేర్పడం సాంకేతికత వల్ల ఎలా మారుతున్నాయన్న దాని మీద. ఈ రంగంలోని మిగతా మంచి జర్నళ్లు కూడా ఆచరణలో ఇదే గీటురాయి వాడతాయి. యాప్ ఎంత బాగుందో చెప్పే వ్యాసం ఆ యాప్ కొత్త వెర్షన్ రాగానే పాతబడుతుంది. విద్యార్థి ఒక రకమైన సవరణ అందుకున్నప్పుడు ఏం చేస్తాడో, ఆ సవరణ ఎక్కడ పనిచేసి ఎక్కడ పనిచేయదో చెప్పే వ్యాసం మాత్రం యాప్ పోయినా నిలుస్తుంది.

దీని వెనుక పాత వాదమే ఉంది. 1983లో అమెరికన్ విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్, బోధనా మాధ్యమాలు పాఠాన్ని మోసుకొచ్చే వాహనాలు మాత్రమేననీ, సరుకు తెచ్చే లారీ మన పోషణను ఎలా మార్చదో అవి కూడా నేర్చుకోవడాన్ని అలాగే నేరుగా ప్రభావితం చేయవనీ వాదించాడు. ఆ వాదనతో ఏకీభవించనవసరం లేదు, రాబర్ట్ కోజ్మా వంటివారు దాన్ని గట్టిగానే ఖండించారు. కానీ సమీక్షకుడు మీ వ్యాసం చదివేటప్పుడు ఆ ప్రశ్న అతని మనసులో ఉంటుంది: మార్పు యాప్ వల్ల వచ్చిందా, యాప్‌తో పాటు వచ్చిన అదనపు సాధన సమయం వల్ల వచ్చిందా, కొత్త వస్తువు చేతికొచ్చిందన్న ఉత్సాహం వల్ల వచ్చిందా? ‘కంప్యూటర్ అసిస్టెడ్ లాంగ్వేజ్ లెర్నింగ్’ జర్నల్‌లో 2014లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష 350కి పైగా అధ్యయనాలను పరిశీలించి, ఇన్ని ప్రచురణలు ఉన్నా సాంకేతికత వల్ల ప్రయోజనం కలిగిందని చూపే ఆధారాలు పరిమితమేననీ, ఉచ్చారణ శిక్షణలో స్పీచ్ రికగ్నిషన్ (పలికిన మాటను గుర్తించి అక్షరాల్లో రాసే సాంకేతికత) వాడకానికి, చాట్ ద్వారా సంభాషణకు మాత్రమే గట్టి మద్దతు కనిపించిందనీ తేల్చింది. అంటే అనుమానం ఎడిటర్ల స్వభావదోషం కాదు, ఈ రంగం అనుభవం మీద నేర్చుకున్న జాగ్రత్త.

ఒక అధ్యయనాన్ని దగ్గరగా చూద్దాం

ఇంగ్లిష్‌లో ‘వి’ అక్షరంతో మొదలయ్యే మాటను పై పళ్లు కింది పెదవికి తాకించి పలుకుతారు, ‘డబ్ల్యూ’తో మొదలయ్యే మాటను పెదవులు గుండ్రంగా చుట్టి పలుకుతారు. తెలుగులో ఈ రెండింటికీ కలిపి ఉన్నది ఒక్క వకారమే. పశువుల డాక్టర్ అనే అర్థం గల మాట, తడిసిన అనే అర్థం గల మాట రెండూ తెలుగు లిపిలో ‘వెట్’ గానే కనిపిస్తాయి, మన విద్యార్థుల్లో చాలామంది నోట ఒకేలా వినిపిస్తాయి. దీని మీద ఫోన్‌లోని స్పీచ్ రికగ్నిషన్‌తో సాధన చేయిస్తే ఏమవుతుందో చూడాలనుకున్నామని అనుకుందాం.

‘స్పీచ్ రికగ్నిషన్ వల్ల ఉచ్చారణ మెరుగవుతుందా’ అన్నది బలహీనమైన ప్రశ్న, ఎందుకంటే దానికి ఔను అన్నా కాదు అన్నా ఎవరికీ కొత్తగా తెలిసేది లేదు. ‘తెలుగు మాతృభాషగా గల మొదటి సంవత్సరం విద్యార్థులు తాము పలికిన మాటను ఫోన్ ఎలా రాసిందో చూసుకుని సరిదిద్దుకుంటూ సాధన చేస్తే, ఈ రెండు ధ్వనుల తేడాను తాము సాధన చేయని మాటల్లో కూడా పాటించగలరా, ఆ తేడా నెల తర్వాత కూడా నిలుస్తుందా’ అన్నది ప్రచురణకు దారితీయగల ప్రశ్న. ఇందులో విద్యార్థి ఎవరో, భాషాంశం ఏమిటో, సవరణ ఏ రూపంలో అందుతుందో, ఫలితాన్ని ఎక్కడ వెతుకుతున్నామో నాలుగూ ఉన్నాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దాన్ని గమనించని వ్యాసాలు సమీక్షలో నిలబడవు. స్పీచ్ రికగ్నిషన్ చెవితో మాత్రమే వినదు, వాక్యంలో ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో కూడా లెక్కగడుతుంది. కుక్కను డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లానని అర్థమొచ్చే వాక్యంలో విద్యార్థి పెదవులు చుట్టి ‘తడి’ అనే మాట పలికినా, ఫోన్ సందర్భాన్ని బట్టి ‘డాక్టర్’ అనే మాటే రాసిపెట్టే అవకాశం ఎక్కువ. తెర మీద సరైన మాట కనిపించింది కాబట్టి ఉచ్చారణ సరైనదని లెక్కవేస్తే మనం కొలిచింది విద్యార్థిని కాదు, ఫోన్ ఊహను. అందుకని సాధన కోసం వాక్యాలు వాడినా, పరీక్షలో విడి మాటలనో, రెండు అర్థాలూ సమానంగా కుదిరే వాక్యాలనో వాడాలి. అంతకంటే ముఖ్యంగా, తుది మూల్యాంకనం మనుషులు చేయాలి. ఇద్దరు మూల్యాంకకులు రికార్డింగులను విడివిడిగా వినాలి, ఏది శిక్షణకు ముందుది, ఏది తర్వాతది, ఏ విద్యార్థిది అన్నది వారికి తెలియకూడదు. వారిద్దరి తీర్పులు ఎంతవరకు ఏకీభవించాయో కోహెన్ కప్పా వంటి కొలమానంతో వ్యాసంలో చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు పాఠం చెప్పిన అధ్యాపకుడే అయితే సమీక్షకుడు ఆ విషయాన్ని పట్టుకోకుండా వదలడు.

పోలిక కోసం తీసుకునే బృందం ఖాళీగా కూర్చోకూడదు. ఫోన్ బృందం వారానికి మూడుసార్లు ఇరవై నిమిషాలు సాధన చేస్తే, రెండో బృందం కూడా అవే మాటలను అంతే సమయం, ఉదాహరణకు పక్క విద్యార్థి విని చెప్పే సవరణతో సాధన చేయాలి. అప్పుడే తేడా సవరణ రూపానిదని అనగలం.

బృందాలను విభజించే తీరులో మన కాలేజీలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. సెక్షన్లు బ్రాంచీల వారీగా ఉంటాయి, బ్రాంచీలు ప్రవేశ పరీక్ష ర్యాంకుల వారీగా నిండుతాయి. కంప్యూటర్ సైన్స్ సెక్షన్‌కు యాప్ ఇచ్చి సివిల్ సెక్షన్‌ను పోలికగా పెట్టుకుంటే, యాప్ తెరవక ముందే ఆ రెండు సెక్షన్ల మధ్య తేడా ఉండి ఉండవచ్చు. కుదిరితే ఒకే సెక్షన్‌లోని విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా చేయాలి. కుదరకపోతే, మొదటి సగంలో ఒక సెక్షన్, రెండో సగంలో ఇంకో సెక్షన్ యాప్ వాడేలా మార్చిమార్చి నడపవచ్చు, దీనివల్ల ఎవరికీ అన్యాయం జరిగిందన్న మాట కూడా రాదు. అదీ కుదరనప్పుడు శిక్షణకు ముందు పెట్టిన పరీక్ష మార్కులను విశ్లేషణలో లెక్కలోకి తీసుకుని, ఇది పూర్తి ప్రయోగం కాదని వ్యాసంలో సూటిగా రాయాలి. ఇక రెండే సెక్షన్లు ఉన్నప్పుడు 120 మంది విద్యార్థులున్నా, సెక్షన్ అనే కోణం నుంచి చూస్తే మన దగ్గర ఉన్నవి రెండే నమూనాలన్న సంగతి గుర్తుండాలి.

గణాంకాల విషయంలో ‘పీ విలువ 0.05 కంటే తక్కువ’ అని, అంటే వచ్చిన తేడా కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చని మాత్రమే రాసి ఆగిపోయే రోజులు ఎప్పుడో పోయాయి. తేడా ఎంత పెద్దదో చెప్పే ఎఫెక్ట్ సైజ్‌ను ఇప్పుడు దాదాపు అన్ని మంచి జర్నళ్లూ అడుగుతాయి. దానిని అన్వయించడానికి మనస్తత్వశాస్త్రం నుంచి వచ్చిన 0.2, 0.5, 0.8 అనే పాత మెట్లు ద్వితీయ భాషా పరిశోధనకు సరిపోవని ల్యూక్ ప్లాన్‌స్కీ, ఫ్రెడరిక్ ఆస్వాల్డ్ 2014లో చూపించారు. రెండు వేర్వేరు బృందాల పోలికలో 0.40ని చిన్నదిగా, 0.70ని మధ్యస్థంగా, 1.00ని పెద్దదిగానూ, ఒకే బృందాన్ని ముందు, తర్వాత పోల్చినప్పుడు 0.60, 1.00, 1.40గానూ తీసుకోవాలని వారు సూచించారు. మీ ఎఫెక్ట్ సైజ్ 0.5 వచ్చి దాన్ని ‘గణనీయమైన ప్రభావం’ అని రాస్తే సమీక్షకుడు ఈ మెట్లను గుర్తు చేసే అవకాశం ఉంది.

నా దృష్టిలో ఇలాంటి అధ్యయనంలో అన్నిటికంటే విలువైన సమాచారం మార్కుల పట్టికలో దొరకదు. ఫోన్ తప్పు మాట రాసినప్పుడు విద్యార్థి తర్వాతి పది సెకన్లలో ఏం చేశాడన్నది ముఖ్యం: అదే మాటను గట్టిగా అరిచాడా, అక్షరం అక్షరం విడదీసి పలికాడా, పెదవుల స్థానం మార్చి చూశాడా, విసిగి తర్వాతి మాటకు వెళ్లిపోయాడా? పదిమంది విద్యార్థుల స్క్రీన్ రికార్డింగులు తీసుకుని ఈ ప్రవర్తనలను ఓపికగా వర్గీకరిస్తే, చిన్న కాలేజీలోని అధ్యాపకుడు కూడా పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్లు రాయలేని వ్యాసం రాయగలడు. మన విద్యార్థుల నోటి తీరు, వారి విసుగు, వారు తమలో తాము తెలుగులో అనుకునే మాటలు మనకే తెలుసు.

అనుమతులు, సమ్మతి

ఇది చివర్లో చూసుకునే పని కాదు. సమాచారం సేకరించాక ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసే కమిటీ) అనుమతి కోసం వెతికితే దొరకదు, దొరికినా ఆ తేదీ సమీక్షకుడికి కనిపిస్తుంది. మీ కాలేజీలో అలాంటి కమిటీ లేకపోతే అనుబంధ విశ్వవిద్యాలయాన్ని గానీ, సహరచయిత పనిచేసే సంస్థను గానీ ముందే సంప్రదించాలి. ప్రిన్సిపాల్ సంతకం చేసిన అనుమతి లేఖ అవసరమే గానీ, చాలా జర్నళ్లకు అది ఒక్కటే చాలదు.

మొదటి సంవత్సరంలో చేరే విద్యార్థుల్లో చాలామందికి ఇంకా పద్దెనిమిది నిండవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. పరిశోధనకు చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటి మీద ఆధారపడకుండా తల్లిదండ్రుల సంతకం తీసుకోవడమే సురక్షితం, ఎందుకంటే గొంతు రికార్డింగ్ మనిషిని గుర్తుపట్టించే సమాచారం. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, అందులో రికార్డింగ్ ఎక్కడ భద్రపరుస్తారో, యాప్ సంస్థకు ఏం చేరుతుందో, ఎప్పుడు తుడిచేస్తారో ఉండాలి. పాఠం చెప్పే అధ్యాపకుడే ఇంటర్నల్ మార్కులు కూడా వేసేటప్పుడు విద్యార్థి వద్దనడానికి భయపడతాడు గనుక, పత్రాలను వేరే అధ్యాపకుడి చేత సేకరించి, మార్కులు ఖరారయ్యే వరకు ఎవరు ఒప్పుకున్నారో తెరిచి చూడకపోవడం మంచి పద్ధతి. ఈ ఏర్పాటును వ్యాసంలో రెండు వాక్యాల్లో చెబితే సమీక్షకుడి గౌరవం పెరుగుతుంది.

చదవడం, రాయడం

కొంతకాలం క్రితం వరకు మంచి జర్నళ్లు మన కాలేజీలకు అందుబాటులో లేవన్న ఫిర్యాదు న్యాయమైనదే. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద ముప్పై ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు అందుతున్నాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది. ప్రైవేటు కాలేజీలో ఉన్నవారు దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని ఆశ్రయించవచ్చు, లేదా ఎవరైనా ఉచితంగా చదవగల ఓపెన్ యాక్సెస్ జర్నళ్లతో మొదలుపెట్టవచ్చు. ‘లాంగ్వేజ్ లెర్నింగ్ అండ్ టెక్నాలజీ’ మొదటి నుంచీ పాఠకులకు పూర్తిగా ఉచితం. ప్రశ్నావళులు, పరీక్షలు కొత్తగా తయారుచేసే ముందు, యార్క్ విశ్వవిద్యాలయం నడిపే ‘ఐరిస్’ అనే భాండాగారాన్ని చూడటం మరవకూడదు. భాషా పరిశోధకులు నిజంగా వాడిన సాధనాలు అందులో ఉచితంగా దొరుకుతాయి, అదే విశ్వవిద్యాలయంతో ముడిపడిన ‘ఒయాసిస్’లో పరిశోధనా వ్యాసాలకు ఒక్క పేజీ సరళ సారాంశాలు ఉంటాయి. మన దేశంలో ఇదే అంశం మీద ఎవరెవరు పీహెచ్‌డీ చేశారో భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం ‘శోధ్‌గంగ’లో వెతికితే తెలుస్తుంది.

రాయడం మొదలుపెట్టేటప్పుడు మన వాళ్లు ఎక్కువగా చేసే పని, ప్రపంచీకరణ నుంచి, ఇంగ్లిష్ ప్రాముఖ్యం నుంచి ఎత్తుకోవడం. ఆ రెండు పేజీలూ ఎవరూ చదవరు. మొదటి పేరాలోనే సమస్య కనిపించాలి, మొదటి పేజీ ముగిసేలోగా ఇంతవరకు జరిగిన పరిశోధనలో ఏ ఖాళీ ఉందో తేలాలి. ఆ ఖాళీ ‘తెలుగు విద్యార్థుల మీద ఎవరూ చేయలేదు’ అన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే వేల భాషల్లో ప్రతి భాష వారూ అదే మాట అనగలరు. ‘రెండు ధ్వనులకూ ఒకే అక్షరం, ఒకే ధ్వని ఉన్న మాతృభాష వారికి, తెర మీద అక్షర రూపంలో కనిపించే సవరణ సాయపడుతుందా అన్నది ఇంతవరకు తేలలేదు’ అంటే, తెలుగు ఎందుకు మంచి పరీక్షాస్థలమో చదివేవారికి అర్థమవుతుంది, కొరియాలోనో బ్రెజిల్‌లోనో ఉన్న పరిశోధకుడికీ ఆ వ్యాసంతో పని పడుతుంది.

అబ్‌స్ట్రాక్ట్ (వ్యాసం మొదట్లో ఇచ్చే సారాంశం) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎడిటర్ ముందుగా చదివేది అదే కాబట్టి. ‘ఈ పత్రం ఆధునిక యుగంలో మొబైల్ ఫోన్ల పాత్రను చర్చిస్తుంది, ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయి’ అన్న తరహా వాక్యాల్లో సమాచారమే లేదు. ఎంతమంది విద్యార్థులు, ఏ స్థాయి, ఎన్ని వారాలు, ఏ రెండు పరిస్థితుల పోలిక, ఏం కొలిచారు, ఎంత తేడా వచ్చింది, ఎక్కడ తేడా రాలేదు, దాని అర్థం ఏమిటి అన్నవి వరుసగా ఉండాలి. తేడా రాని చోటును దాచుకోవలసిన పని లేదు. ‘సాధన చేసిన మాటల్లో మెరుగుదల కనిపించింది, కొత్త మాటల్లో కనిపించలేదు’ అన్న వాక్యం ఒక నిజాయితీ గల ఫలితం, సమీక్షకులను ఆకట్టుకునేదీ అదే.

పద్ధతిని వివరించేటప్పుడు పాఠకుడు హైదరాబాద్‌లో లేడని గుర్తుంచుకోవాలి. తెలుగు మీడియం అంటే ఏమిటో, ఇంటర్మీడియట్ అంటే ఎన్నేళ్ల చదువో, ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లకు ఎంతమందో, హాస్టల్‌లో ఇంటర్నెట్ ఎలా ఉంటుందో చెప్పకపోతే అతనికి ఫలితాలు అర్థం కావు. ఇంటర్వ్యూలు తెలుగులో చేయడమే మేలు, ఎందుకంటే ఇంగ్లిష్ రావడం లేదన్న బాధను ఇంగ్లిష్‌లో చెప్పమనడం వింత. తెలుగులో చేసిన ఇంటర్వ్యూను ఎవరు అనువదించారో, రెండో వ్యక్తి సరిచూశారో లేదో రాయాలి, వీలైతే ముఖ్యమైన ఒకటి రెండు మాటలను విద్యార్థి అన్న తెలుగులోనే ఇచ్చి కింద అనువాదం ఇవ్వాలి.

చాట్‌జీపీటీ వంటి సాధనాలతో వాక్యాలు దిద్దించుకోవడాన్ని చాలా జర్నళ్లు అనుమతిస్తున్నాయి గానీ ఆ విషయం వెల్లడించమంటాయి. అటువంటి సాధనాన్ని రచయితగా చేర్చకూడదని ప్రచురణ నైతికత మీద పనిచేసే ‘కోప్’ సంస్థ 2023లోనే స్పష్టం చేసింది. వాటి చేత రెఫరెన్సులు మాత్రం రాయించుకోవద్దు. లేని వ్యాసాలను ఉన్నట్టు పుట్టించడం వాటికి అలవాటు, ఒక్కటి దొరికినా మిగతా వ్యాసం మీద నమ్మకం పోతుంది. వ్యాసం ఇతరుల రచనలతో ఎంత కలుస్తుందో చూసే సారూప్యత తనిఖీ విషయంలో, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకు శిక్ష లేదు. అయితే ఆ సంఖ్య కోసం మాటలు అటూ ఇటూ మార్చి భావాన్ని పాడుచేసుకోవడం కంటే, ఎవరి మాట వారిదని చెప్పి సొంత మాటల్లో రాయడం తేలిక.

ఏ జర్నల్‌కు పంపాలి

వ్యాసం పూర్తయ్యాక జర్నల్ వెతకడం మన దగ్గర అలవాటు. నిజానికి సమాచారం సేకరించే దశలోనే రెండు మూడు జర్నళ్లను అనుకుని, గత రెండేళ్లలో వాటిలో వచ్చిన వ్యాసాలను చదవాలి. మీ రెఫరెన్సుల్లో ఆ జర్నల్ వ్యాసం ఒక్కటీ లేకపోతే, అది మీరు ప్రవేశించదలచిన సంభాషణ కాదని ఎడిటర్‌కు తెలిసిపోతుంది.

ఈ రంగానికే అంకితమైన వాటిలో ‘లాంగ్వేజ్ లెర్నింగ్ అండ్ టెక్నాలజీ’ రచయితల నుంచి కూడా డబ్బు తీసుకోదు. కంప్యూటర్ సాయంతో భాషా బోధన మీద పనిచేసే యూరోపియన్ సంఘమైన యూరోకాల్ తరఫున కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వేసే ‘రీకాల్’ ఏడాదికి మూడు సంచికలుగా వస్తుంది. టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వారి ‘కంప్యూటర్ అసిస్టెడ్ లాంగ్వేజ్ లెర్నింగ్’, అమెరికాలో 1983 నుంచి వస్తున్న ‘కాలికో జర్నల్’, జపాన్ భాషాధ్యాపకుల సంఘంలోంచి పుట్టిన ‘జాల్ట్ కాల్ జర్నల్’ కూడా ఉన్నాయి. ‘సిస్టమ్’ భాషా బోధన మొత్తానికి సంబంధించినది గానీ సాంకేతికతకు మొదటి నుంచీ చోటిస్తుంది. ఇవి అన్నీ ఒకే ఎత్తులో లేవు. మొదటి మూడింటిలో పోటీ చాలా తీవ్రం, తొలి వ్యాసానికి ‘జాల్ట్ కాల్’ వంటివి మరింత వాస్తవికమైన లక్ష్యం అని నా అభిప్రాయం. తరగతి గది అనుభవాన్ని చిన్న వ్యాసంగా పంచుకోవాలంటే చెన్నై కేంద్రంగా పనిచేసే భారత ఇంగ్లిష్ అధ్యాపకుల సంఘం ‘ఎల్టాయ్’ పత్రిక ఉంది, దాని పాఠకులు మన సమస్యలు తెలిసినవారు.

డబ్బు గురించి ఒక అపోహ తొలగాలి. చందా పద్ధతిలో నడిచే జర్నల్‌లో ఓపెన్ యాక్సెస్ ఎంచుకుంటేనే పెద్ద మొత్తం చెల్లించాలి, ఎంచుకోకపోతే మామూలుగా ప్రచురణకు రూపాయి ఖర్చు లేదు. పేరున్న జర్నల్ అంటే లక్షలు కట్టాలన్న భయంతో, రెండు మూడు వేలు తీసుకుని వారంలో వేసే చోటికి పంపుతున్నవారు నాకు చాలామంది తెలుసు.

ఆ వారంలో వేసే చోట్ల గురించి. ఇంజినీరింగ్ నుంచి యోగా దాకా అన్ని విషయాలూ ఒకే పత్రికలో ఉండటం, వాట్సాప్ గ్రూపులో ‘ఈ నెల సంచికకు వ్యాసాలు ఆహ్వానం’ అన్న సందేశం, డబ్బు కట్టవలసింది ఒక వ్యక్తి ఖాతాకు కావడం, ఎవరూ వినని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉటంకిస్తారో చెప్పే కొలమానం) పేరు ముఖచిత్రం మీద పెద్దగా ఉండటం, సమీక్ష రెండు రోజుల్లో ‘చాలా బాగుంది’ అని రావడం, ఇవన్నీ ఒకే కథ చెబుతాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ ఇలాంటి మోసపూరిత విధానాలు అనుసరించిందంటూ 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది, కాబట్టి ఇది దూరపు కొండల కథ కాదు. నిజమైన జర్నల్ పేరుతోనే నకిలీ వెబ్‌సైట్ పెట్టే పద్ధతి కూడా ఉంది, అందుకే గూగుల్‌లో మొదట కనిపించిన లింకు నొక్కకుండా, పరిశోధనా జర్నళ్ల డేటాబేస్ స్కోపస్ జాబితాలోనో ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల సూచిక ‘డోజ్’లోనో ఇచ్చిన చిరునామా ద్వారా వెళ్లాలి.

యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితాగా 2019లో మొదలైన యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీ నిలిపివేసి, జర్నళ్ల నాణ్యతను బేరీజు వేసుకునే పనిని కొన్ని సూచనాత్మక ప్రమాణాలతో విద్యాసంస్థలకే అప్పగించింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా ‘యూజీసీ ఆమోదిత జర్నల్’ అని ప్రకటించుకుంటే ఆ మాటకు విలువ లేదు. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించడానికి ముందు తప్పనిసరిగా వ్యాసం ప్రచురించాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లోనే తొలగించింది గానీ, మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏం అడుగుతోందో రిజిస్ట్రార్ కార్యాలయంలో కనుక్కోవడం అవసరం.

పంపడం, తిరిగి రాయడం

ఒక వ్యాసాన్ని ఒకేసారి ఒక్క జర్నల్‌కే పంపాలి. చాలా జర్నళ్లలో రచయిత, సమీక్షకుడు ఒకరికొకరు తెలియకుండా సమీక్ష జరుగుతుంది కాబట్టి, కాలేజీ పేరు, ‘మేము గతంలో రాసిన వ్యాసంలో’ వంటి మాటలు, ఫైల్ ప్రాపర్టీస్‌లో ఉండిపోయే మీ పేరు తీసేయాలి. మాటల పరిమితి దాటితే చదవకుండానే తిప్పి పంపే జర్నళ్లు ఉన్నాయి, పట్టికలు, రెఫరెన్సులు ఆ లెక్కలోకి వస్తాయో రావో ముందే చూసుకోవాలి. ఎడిటర్‌కు రాసే లేఖ అర పేజీ చాలు: ఏం అడిగారు, ఏం తేలింది, ఈ జర్నల్ పాఠకులకు అది ఎందుకు కావాలి. ‘గౌరవనీయులైన మహోదయా, నా వ్యాసాన్ని దయతో స్వీకరించగలరు’ అన్న ధోరణి అక్కడ పనిచేయదు.

రచయితల పేర్లను పని మొదట్లోనే తేల్చుకోవాలి. పని చేయని విభాగాధిపతి పేరు మర్యాద కోసం చేర్చడం మన దగ్గర మామూలైపోయింది. చాలా జర్నళ్లు ఇప్పుడు ఎవరు ఏ పని చేశారో విడివిడిగా రాయమంటున్నాయి, అక్కడ ఆ పేరు ఎదురుగా ఏం రాయాలో తోచదు.

సమీక్షలు రావడానికి నెలలు పడుతుంది. మొత్తం మీద పంపిన నాటి నుంచి అచ్చయ్యే వరకు ఏడాది పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. ‘మేజర్ రివిజన్’ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని జవాబు వస్తే చాలామంది నిరుత్సాహపడి వేరే చోటికి పంపేస్తారు, అది చేతికొచ్చిన అవకాశాన్ని వదులుకోవడం. ఎడిటర్‌కు ఆసక్తి లేకపోతే ఆ మాట అననే అనడు. సమీక్షకుల ప్రతి వ్యాఖ్యనూ ఒక పట్టికలో పెట్టి, పక్కనే మీ జవాబు, వ్యాసంలో మార్పు చేసిన పేజీ, పంక్తి ఇవ్వాలి. ఉదాహరణకు ‘పోలిక బృందం ఏం చేసిందో చెప్పలేదు’ అన్న వ్యాఖ్యకు ‘సరిచేశాము’ అని రాస్తే చాలదు. ‘పోలిక బృందం అవే నలభై మాటలను అంతే సమయం జంటలుగా సాధన చేసింది, ఈ వివరాన్ని 9వ పేజీలో చేర్చి, ఇద్దరు విద్యార్థులు మూడు తరగతులకు రాని సంగతినీ అక్కడే పేర్కొన్నాము’ అని రాయాలి. సమీక్షకుడు పొరబడ్డాడని మీకు నిశ్చయంగా అనిపిస్తే ఒప్పుకోనక్కరలేదు, ఆధారంతో, మర్యాదగా కాదనవచ్చు. అయితే అతను తప్పుగా అర్థం చేసుకున్నాడంటే మీ వాక్యం కూడా అస్పష్టంగా ఉందన్నమాటే, దాన్ని తిరిగి రాయాలి. ఇద్దరు సమీక్షకులు పరస్పర విరుద్ధమైనవి అడిగితే ఎవరి మాట ఎందుకు తీసుకున్నారో ఎడిటర్‌ను ఉద్దేశించి చెప్పాలి.

తిరస్కరణ వస్తే, రెండు మూడు రోజులు పక్కన పెట్టి, ఆ వ్యాఖ్యల ప్రకారం మార్చాకే మరో జర్నల్‌కు పంపాలి. రంగం చిన్నది, అదే సమీక్షకుడు రెండో చోట కూడా ఎదురయ్యే అవకాశం ఉంది. తాను చెప్పిన ఒక్క మార్పూ చేయలేదని చూస్తే అతని జవాబు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆమోదం వచ్చాక

ప్రూఫులు రెండు మూడు రోజుల్లో తిప్పి పంపమంటారు. వాటిలో ముందుగా చూడవలసింది మన పేర్లు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాసే మన పద్ధతిని అంతర్జాతీయ డేటాబేసులు తిరగేసి అర్థం చేసుకుంటాయి, ఒక వ్యాసంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరో వ్యాసంలో పూర్తిగా, ఇంకో దాంట్లో చివర్లో ఉంటే అవి ముగ్గురు వేర్వేరు మనుషుల వ్యాసాలుగా నమోదవుతాయి. మొదటి వ్యాసానికే ఒక రూపం స్థిరపరచుకుని, పరిశోధకుడిని పేరుతో సంబంధం లేకుండా గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ సంఖ్య ఉచితంగా తీసుకుని, ప్రతి వ్యాసానికీ దాన్నే జతచేయాలి. ఆ తర్వాత కాపీరైట్ ఒప్పందం చదివి, ప్రచురణకర్త డిజైన్ చేయకముందు ఉన్న ఆమోదిత ప్రతిని ఎంతకాలం తర్వాత మీ సంస్థ భాండాగారంలో ఉంచవచ్చో చూసి, ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి. పరీక్షలో వాడిన మాటల జాబితాను, మూల్యాంకన పట్టికను ఐరిస్‌కు పంపితే, రేపు తమిళ విద్యార్థులతోనో కన్నడ విద్యార్థులతోనో అదే అధ్యయనాన్ని మళ్లీ చేయాలనుకున్న వారికి పని సగం తీరుతుంది.